దేవవ్వకు తగిలిన తూటా

దేవవ్వ పొద్దున్నే అంబలి తాగి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. నానిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి గంపలో పడేస్తూ ఉంటే, గంప సగమయ్యే వేళకు కుడి భుజం గుంజడం మొదలయ్యేది. అంటే సౌదీలో తెల్లారింది, మొగుడు మల్లేశం పైపు భుజానికెత్తుకున్నాడన్న మాట. ఇంకాస్త పొద్దెక్కితే అరచేతులు చురచురమనేవి. అక్కడ ఇనుము వేడెక్కిందన్న మాట. మధ్యాహ్నం ఒక్కోరోజు వీపు మీద బెల్టు దెబ్బ ఛెళ్లున పడేది. చేతిలో బీడీ జారిపోయేది.

"ఇయ్యాల మళ్ల కొట్టిండు వాని ఫోర్‌మన్ బాడుకావ్," అనేది దేవవ్వ వీపు రుద్దుకుంటూ.

"మా ఆయనకు పన్ను సలుపుతున్నట్టుంది. పొద్దటి సంది దవడ పట్టుకపోయింది," అనేది పక్కన కూర్చుని చుట్టే పుష్ప. "పీకిచ్చుకుంటె నా పీడ పోతది."

కోరుట్ల చుట్టుపక్కల మగవాళ్లు దేశం దాటిన ఇళ్లన్నీ ఇంతే. మొగుడొక దేశంలో, పెండ్లామొక దేశంలో ఉంటే ఒకరి నొప్పి ఇంకొకరికి పోతుంది. దెబ్బ తగిలిన ఒంటి మీద వాపూ నెత్తురూ ఉంటాయి, నొప్పి ఉండదు. నొప్పి చేరిన ఒంటి మీద గీత కూడా ఉండదు. ఉత్తరాలు తప్పిపోతాయి గాని ఇది తప్పిపోదు, దీనికి వీసా అక్కర్లేదు. ఊళ్లో డాక్టరు సూది వేసే ముందు "నీదా, మీ ఆయనదా?" అని అడిగి, ఆయనదంటే సూది పెట్టెలో పెట్టేసుకునేవాడు.

ఇందులో ఒకటే భయం. నొప్పి తెలియనివాడికి ఒంట్లోంచి నెత్తురు పోతున్న సంగతీ తెలియదు. అందుకని ఆ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త నొప్పి ఏదైనా వస్తే, వచ్చిన చోటనే గట్టిగా గిచ్చుకోవాలి. ఆ గిచ్చుడు అవతలివాళ్లకు తగులుతుంది. వాళ్లు వంగి చూసుకుంటారు. మల్లేశం అరికాల్లో మేకు దిగినప్పుడు దేవవ్వ అట్లాగే చెప్పింది. పెండ్లయిన కొత్తలో కొన్నాళ్లు ఊరికే, ఏ నొప్పీ లేకుండా, చేతి మీద గిచ్చుకుని కూర్చునేది. అది వేరే సంగతి.

మల్లేశం ఉండేది ఖఫ్జీలో. కువైట్ సరిహద్దును ఆనుకుని, ఒక పక్క సముద్రం, ఒక పక్క చమురు బావులు ఉన్న ఊరు. పైపులు మోయడం, బిగించడం అతని పని. నిప్పులాంటి ఇనుము మోసినా భుజం దూదిలా ఉండేది. కాని కూర్చుని కూర్చుని పట్టేసిన దేవవ్వ నడుము అతనిది. కత్తెర తెగిన ఆమె వేలు అతనిది. ఆమె వీపు మీద అతని అన్న యాదగిరి వేసే దెబ్బలూ అతనివే. కాలువ కింది పొలం తన పేర రాయమని యాదగిరి పంతం. తమ్ముడు అందనంత దూరంలో ఉన్నాడు. మరదలు చేతికందే దూరంలో ఉంది. ఆమెను కొడితే తమ్మునికి తగులుతుందని వాడికి బాగా తెలుసు. మల్లేశం మిట్టమధ్యాహ్నం పైపు వదిలేసి ఇసుకలో పొర్లితే, పక్కవాళ్లు "అన్న కొడుతున్నడు," అని నీళ్లు తెచ్చేవాళ్లు.

ఖఫ్జీలో ఫోర్‌మన్ సాయిలు కూడా ఆ లెక్కలోని మనిషే. ఆర్మూరు దిక్కువాడు. ఒకప్పుడు గోడకు కట్టిన కర్రల సారువ మీంచి జారి పడితే, ఆ దెబ్బకు వాని పెండ్లాం ఆర్మూరు సంతలో కూరగాయల మీద పడి చచ్చిపోయింది. అప్పటి నుంచి పెండ్లాలున్న మగవాళ్లను చూస్తే వాడికి కడుపులో మంట.

"నిన్ను కొడితె నీకేమైతది రా? నీ పెండ్లాన్ని కొడుతున్న," అని చెప్పి మరీ బెల్టు తీసేవాడు. బెల్టు ఎత్తితే చాలు, మల్లేశం ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. తనకు తగలని దెబ్బకు అంత భయపడేవాణ్ని లోకంలో ఇంకెక్కడా చూడం.

తొంభైలో ఎండాకాలం సెలవుకు వచ్చి, దేవవ్వకు నెల తప్పిన సంగతి తెలియకుండానే మల్లేశం తిరిగి వెళ్లాడు. ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను మింగింది. కార్ల మీద పరుపులు కట్టుకుని కువైట్ వాళ్లు ఖఫ్జీ మీదుగా పారిపోతుంటే, పైపులు మోసేవాళ్లు నిలబడి చూశారు. జనవరిలో బాంబులు మొదలయ్యాక ఖఫ్జీ కూడా ఖాళీ అయింది. కంపెనీ ఇంజనీర్లు కార్లెక్కారు. కూలీలు కొందరు లారీ ఎక్కారు. గోదాముకు కాపలా అని ముగ్గురిని వదిలేశారు: సాయిలు, మల్లేశం, కడప జిల్లా డ్రైవరు మస్తాన్ వలీ. వీళ్ల పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని బీరువాలో ఉన్నాయి. కఫీల్ జెద్దాలో ఉన్నాడు.

"పోదాం పా, సాయన్నా. పికప్ ఉంది గదా," అన్నాడు మస్తాన్ వలీ.

"కాయితం లేకుంట చెక్‌పోస్టుల ఏం జెప్తవ్? సామాను పోతె కఫీల్‌కు నువ్వు జెప్తవా?" అని సాయిలు బండి తాళం బొడ్లో దోపుకున్నాడు.

జనవరి ఆఖర్లో ఒక రోజు తెల్లారేసరికి ఇరాక్ టాంకులు ఊళ్లో ఉన్నాయి. పొద్దెక్కేసరికి సౌదీ సైన్యం వాటి మీద పడింది. వీధి చివర ఇల్లు ఒకటి పైకప్పుతో సహా లేచి కింద పడింది. ముగ్గురూ గోదాములో డీజిల్ పీపాల వెనక నక్కారు. సరిగ్గా అప్పుడే మల్లేశం నడుము పట్టుకుని వంగిపోయాడు.

"యాడ నొప్పి?" అన్నాడు మస్తాన్ వలీ.

"నడుంల. కిందికి గుంజుతంది."

"ఆగి ఆగి వస్తాందా?"

మల్లేశం తలూపాడు.

"నీ పెండ్లాం కంటాంది, మల్లేశన్నా," అన్నాడు మస్తాన్ వలీ. మామూలుగా అయితే నవ్వేవాడే. "భయపడొద్దు. మా రహమత్బీ కనేటప్పుడు నాకు రెండు తూర్లు వచ్చినాయి. దమ్మామ్ రోడ్డు మింద లారీ పక్కకాపి ఏడ్సినా. పళ్లు బిగబట్టు. వచ్చినప్పుడు ఊపిరి వదుల్తా ఉండు."

మల్లేశం బిగబట్టాడు. కాని అది పళ్లకు ఆగే నొప్పి కాదు. మూడోసారికి గోదాము దద్దరిల్లేలా అరిచాడు. బయట ఎవరో అరబ్బీలో కేకలు వేసుకుంటూ పరిగెత్తారు.

"నోరు మూయ్ రా. వింటరు," అని సాయిలు వచ్చి బూటు కాలితో డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. మల్లేశానికి బూటు తగిలినట్టే తెలియలేదు, నొప్పులు ఆగలేదు. మూడోసారి కాలెత్తేలోపు మస్తాన్ వలీ వాని మెడ పట్టుకుని పీపాకేసి కొట్టాడు.

"కనేదాన్ని తంతావా రా," అంటూ మళ్లీ కొట్టాడు. ముక్కు పగిలి నెత్తురు పీపా మీద కారింది. సాయిలు విడిపించుకుని, మొహం తుడుచుకుంటూ, బయట ఉన్న బండి దగ్గరికి పరిగెత్తాడు. ఒక్కడే పోదామనుకున్నట్టుంది. గేటు దాకా వెళ్లాడు. ఫిరంగి గుండు వచ్చి గేటు మీద పడింది. పొగ పోయాక గేటూ లేదు, గోడా లేదు. సాయిలు నడుము కింది భాగం మాత్రం ఇసుకలో ఉంది. ఆ నొప్పి ఎవరికీ చేరలేదు.

"బండి బాగుందేమో చూసొస్తా. నువ్వు కదలొద్దు," అని మస్తాన్ వలీ పాకుతూ బయటికి వెళ్లాడు.

అతను వెళ్లిన కాసేపటికే రేకుల గోడ జల్లెడైపోయింది. తూటాలు పీపాల్లో దిగి డీజిల్ చిమ్మింది. ఒకటి మల్లేశం కుడి తొడలో దిగింది. అతను నేల మీద వెల్లకిలా పడి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు. కింద తడి తగిలింది. డీజిల్ అనుకున్నాడు.

అదే వేళకు ఊళ్లో దేవవ్వ గోనె పట్టా మీద పడుకుని ఉంది. ఉమ్మనీరు పోయేదాకా బీడీలు చుడుతూనే ఉంది, ఎందుకంటే నొప్పి అన్నది లేదు. కానుపు చేయడానికి అత్త ముత్తవ్వ వేడినీళ్లు పెట్టి, కాళ్ల దగ్గర కూర్చుంది. అట్లా నొప్పి లేని కాన్పులు ఆ ఊళ్లో ఆమె చాలా చేసింది. ఇంతలో దేవవ్వ డొక్క పట్టుకుంది.

"తన్నిండు అత్తా. సాయిలే."

"వాని కాళ్లు ఇరుగ. నువ్వు ముక్కు బిడ్డా."

దేవవ్వ ముక్కింది. మళ్లీ ముక్కబోయి, పాము కరిచినట్టు లేచి కూర్చుని కుడి తొడను రెండు చేతులా పట్టుకుంది. ఇన్నేళ్లలో మేకు తెలుసు, బెల్టు తెలుసు, కాలిన ఇనుము తెలుసు. ఇది అవేవీ కాదు. ఎముక దాకా దిగి అక్కడే తిరుగుతోంది.

"తొడల గుండు దిగింది అత్తా. తుపాకి గుండు."

ముత్తవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. "గిచ్చు," అంది.

దేవవ్వ గిచ్చుకుంది. గోళ్లు దిగి నెత్తురు వచ్చేదాకా గిచ్చుకుని ఎదురు చూసింది. అతను చూసుకుంటే కట్టు కడతాడు. కడితే తన తొడకు ఆ బిగింపు తెలుస్తుంది. ఏమీ తెలియలేదు. తూటా నొప్పి తప్ప తొడలో ఇంకేమీ లేదు.

"సూసుకుంటలేడు అత్తా."

"ఎట్ల సూసుకుంటడు? నీ కాన్పు నొప్పులన్నీ వాని మీద పడె. నొప్పుల్ల ఉన్నోనికి గిచ్చుడు ఏడ ఎరుకైతది?"

బిడ్డ తల కనిపిస్తోంది. ముత్తవ్వ చేతులు అక్కడ ఉన్నాయి గాని కళ్లు కోడలి తొడ మీదున్నాయి. ఏ దెబ్బా లేని నున్నటి తొడ. అక్కడ సముద్రం అవతల తన కొడుకు నెత్తురు కారిపోతోంది.

"కొడవలి కాల్చు," అంది దేవవ్వ.

ముత్తవ్వకు అర్థమైంది. కామెర్లొచ్చినవాళ్లకు ఊరంతటికీ వాతలు పెట్టే చేయి ఆమెది. ఎంత పెద్ద మగవాడైనా ఆమె చేతి వాతకు తల్లిని తలుచుకోవలసిందే. కాని లేవలేదు.

"నా చేతులతోని నా కొడుకును కాల్చుమంటవా?"

"కాల్చకుంటె సస్తడు. నాకు నొయ్యదు, నువ్వు కానియ్."

ముత్తవ్వ లేచి కొడవలిని పొయ్యిలో పెట్టి, కాలాక తీసింది. కొన ఎర్రగా ఉంది. కళ్లు మూసుకుని కోడలి తొడ మీద ఆనించింది. చర్మం చుయ్యిమంది. దేవవ్వ కదల్లేదు, తన తొడ కాలుతుంటే పక్కింటి పొయ్యిని చూసినట్టు చూసింది.

"ఏమన్న?"

"ఏం లేదు. మళ్ల పెట్టు. దిగాలె."

"అయ్యో నా కొడుకా," అని ముత్తవ్వ ఏడుస్తూనే మళ్లీ కాల్చి, ఈసారి నొక్కి పట్టింది. గుడిసె అంతా కమురు వాసన.

ఖఫ్జీలో మల్లేశం కేక పెట్టాడు. డీజిల్ అంటుకుందనుకున్నాడు, తొడ కాలిపోతోందనుకున్నాడు. మంట ఆర్పుకుందామని రెండు చేతులతో తొడను చరుచుకున్నాడు. చేతులు ఎర్రగా వచ్చాయి. మంట లేదు, పొగ లేదు. ప్యాంటులో చిల్లి ఉంది, చిల్లిలోంచి నెత్తురు బుడబుడా వస్తోంది. ఎప్పటి నుంచి వస్తోందో, ఒళ్లంతా చల్లబడిపోయి ఉంది. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, తొడకు కట్టి, పైపు ముక్క దూర్చి బిగించాడు. నొప్పి లేదు కాబట్టి ఎముక కదిలేంతగా బిగించాడు.

"కట్టిండు," అంది దేవవ్వ. ఆ బిగింపుకు ఆమె కళ్లు తేలేసింది. ఆ బాధలోనే ఆఖరుసారి ముక్కింది.

మస్తాన్ వలీ తిరిగి వచ్చేసరికి మల్లేశం నెత్తురు మడుగులో పడుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"అయిపోయిందా? ఏం పుట్టింది?" అన్నాడు మస్తాన్ వలీ.

"నాకెట్ల ఎరుక?"

ఆడపిల్ల పుట్టింది. కావ్య అని పేరు పెట్టారు. ఆ సంగతి మల్లేశానికి, మస్తాన్ వలీ పికప్‌లో వేసుకుని చేర్చిన దమ్మామ్ ఆస్పత్రిలో, చాలా రోజులకు ఫోన్లో తెలిసింది. అక్కడ తూటా తీశారు. ఎముక చీలింది, అతుక్కునేదాకా బరువు మోయొద్దు అన్నారు. యుద్ధం అయిపోయింది. ఖఫ్జీలో కూలిన ప్రతి గోడా మళ్లీ కట్టాలి, పగిలిన ప్రతి పైపూ మార్చాలి. కఫీల్ వచ్చి "కాలు ఎట్లా ఉంది?" అన్నాడు. మల్లేశం లేచి నడిచి చూపించాడు. అడుగు కొంచెం వంకరగా పడింది గాని నొప్పి ఏ మాత్రం లేదు. మర్నాటి నుంచి పైపు భుజాన పడింది.

చీలిన ఎముక మీద పైపు మోస్తే ఎముక వంకరగా అతికింది. వంకర ఎముక మీద మళ్లీ పైపులు మోశాడు. వాడికేం, హాయిగా మోశాడు.

ఇక్కడ దేవవ్వ కాలు ఈడుస్తూ నడిచేది. చూసేవాళ్లకు కాలు సుబ్బరంగా ఉంది, వాత మచ్చ తప్ప ఏమీ లేదు. లోపల మాత్రం ఎముక ఎముకను కొరుకుతోంది. గోడ పట్టుకుని లేచేది, పిల్లను ముత్తవ్వ ఎత్తుకుంటే తప్ప వాకిలి దాటేది కాదు. మొదట్లో రోజూ తొడ గిచ్చుకుని చెప్పింది. మల్లేశం వంగి చూసుకునేవాడు. పుండు మానిపోయింది, నెత్తురు లేదు. వెనకట పెండ్లయిన కొత్తలో గిచ్చినట్టు, తనను తలుచుకుని గిచ్చుతోందనుకున్నాడు. మురిసిపోయి తనూ చేతి మీద గిచ్చుకుని, ఇంకో పైపు ఎత్తుకున్నాడు.

దేవవ్వ కోరుట్ల పోయి ఫోన్ చేసినప్పుడు మల్లేశం మాట వరసకు అడిగేవాడు. "ఏమన్న నొప్పి ఉన్నదా?"

"నాకేం నొప్పి? మంచిగనే ఉన్న," అనేది. పని ఆపితే కఫీల్ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తాడని ఆమె భయం. కొత్త ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. యాదగిరి కాచుకుని ఉన్నాడు. అందుకని గిచ్చడం కూడా మానేసింది.

తొంభై మూడులో మల్లేశం సెలవు మీద వచ్చాడు. విమానం బొంబాయిలో చక్రాలు ఆనించగానే, లోపల ఉన్న మగవాళ్లు ఎవరి నొప్పి వాళ్ల మీద పడి తలా ఒక మూలుగు మూలిగారు. అక్కడి కూలీలకు అది రోజూ ఉన్నదే, చక్రాల కుర్చీలు వరసగా పెట్టుకుని ఉంటారు. మల్లేశం మెట్ల మీద కుడి కాలు పెట్టాడు. పెట్టి, కోసిన మేకలా అరిచి మెట్లన్నీ దొర్లాడు.

ఇంటికి ఎత్తుకొచ్చి మంచంలో వేశారు. ఆ రోజు నుంచి పళ్ల మధ్య తువ్వాల పెట్టుకుని ఉండడమే పని. కాలు కదిపితే కేక, కదపకపోతే మూలుగు.

"అవ్వా, గిది రెండేండ్లు అది మోసిందా?" అన్నాడు తల్లితో.

"మోసింది. పిల్లకు పాలిచ్చుకుంట మోసింది, బీడీలు చుట్టుకుంట మోసింది. నీకు చెప్తె నన్ను సంపుత అన్నది," అంది ముత్తవ్వ.

మల్లేశం గోడ వైపు తిరిగి ఏడ్చాడు. కొంత సిగ్గుతో, కొంత నొప్పితో. ఎంత దేనికో అతనికే తెలియలేదు.

యాదగిరి మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు దేవవ్వను కొడితే దేవవ్వకే తగులుతుంది. దాంతో వాడికి పని లేదు. తమ్ముడు ఎప్పుడు విమానం ఎక్కుతాడా అని చూస్తున్నాడు.

సెలవు అయిపోయింది. ఏజెంటు మహబూబ్ జీపు తెచ్చి వాకిట్లో ఆపాడు. దేవవ్వ అప్పటికే పచ్చడి సీసా మూత బిగించి, బట్టలు సర్ది పెట్టింది.

"కాలు కింద పెట్టనిస్తలేదు భాయ్," అన్నాడు మల్లేశం.

"నీకు తెల్వదా? విమానం గాల్లోకి లేసిందంటె నొప్పి పోతది. జెద్దాల పరుగెత్తుకుంట దిగుతవ్," అన్నాడు మహబూబ్. అబద్ధమేమీ చెప్పలేదు.

"పో," అంది దేవవ్వ. "నాకు అలవాటైంది. ఈ కాలుతోని నీకు ఈడ ఏం పని దొరుకుతది? నీకు నొయ్యదు, నేను సూసుకుంట."

మల్లేశం ఆమె భుజం, తల్లి భుజం పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి అరుగు అంచు మీద కూలబడ్డాడు. జీపును అరుగు దగ్గరికి తెస్తానని మహబూబ్ వెనక్కి తీయడం మొదలుపెట్టాడు.

కావ్య కోడిపిల్ల వెంట పడి జీపు వెనక్కి వెళ్లింది. మహబూబ్‌కు కనపడలేదు. మల్లేశం లేవబోయాడు, కాలు లేవనివ్వలేదు.

దేవవ్వ పరిగెత్తింది. అరుగు మీంచి దూకి, వాకిలి అడ్డంగా, రెండు కాళ్ల మీదా ఒకే తీరున పరిగెత్తి, పిల్లను రెక్క పట్టుకుని లాగింది. చక్రం ఆమె చీరకొంగును మట్టిలో తొక్కుతూ ఆగింది. పిల్ల భయపడి ఏడ్చింది. దేవవ్వ ఒక దెబ్బ వేసి, ఎత్తుకుని, రొప్పుతూ నిలబడింది.

మల్లేశం చూశాడు. కిందటి నెల అయితే ఈమె గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసే లోపల ఆ చక్రం వెళ్లిపోయేది. వచ్చే నెల అయినా అంతే.

"మహబూబ్ భాయ్, జీపు తీసుకపో," అన్నాడు.

"ఏందిరా, టైమైతంది."

"నేను రాను. ఎన్నడు రాను. నా కాలు నా దగ్గరనే ఉండనియ్."

మహబూబ్ నచ్చజెప్పాడు. యాదగిరి వచ్చి తిట్టాడు, చేత కానివాడా అన్నాడు, పెండ్లాం కొంగు పట్టుకుని బీడీలు చుట్టుకుంటావా అన్నాడు. "సుడత," అన్నాడు మల్లేశం. జీపు వెళ్లిపోయింది. యాదగిరి ఉమ్మేసి వెళ్లిపోయాడు.

అంతసేపూ బిగబట్టిన నొప్పి అప్పుడు లేచింది. మల్లేశం తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు, అయినా కేక బయటికి వచ్చింది. ఆ కేకకు దేవవ్వ పిల్లను దింపి, అలవాటు కొద్దీ తన తొడను రెండు చేతులతో పట్టుకుంది. అక్కడేమీ లేదు. చేతులు తీసి మల్లేశం తొడ మీద పెట్టింది.